తామర నాకు, కప్పలు వాడికి

"అమ్మా, లోటస్ ఇక్కడ పూయదు. నీకు ఇష్టమైనవన్నీ ఇక్కడికి ఎందుకు తేవాలి? నేను హెల్ప్ చెయ్యను" అని కొలత టేపు గడ్డి మీద పడేసి లోపలికి వెళ్లిపోయాడు మా పదకొండేళ్ల వాడు. పెరట్లో చెక్క తొట్టి కట్టి నీటిమొక్కలు పెంచుదామన్నది ఇద్దరం కలిసి అనుకున్నదే. అందులో ఏం పెరగాలన్న దగ్గర పేచీ వచ్చింది.

వాడు చెప్పింది తప్పేమీ కాదు. తామర పూయాలంటే వారాల తరబడి పాతిక డిగ్రీలు దాటిన ఎండ కావాలి. ఇంగ్లండులో మా రెడింగ్‌లో అలాంటి ఎండ నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. గడ్డకట్టే చలి దుంపను తాకితే అది కుళ్లిపోతుంది. ఇవన్నీ తెలిసే అడిగాను. పశ్చిమ గోదావరిలో మా ఊరి చెరువు నిండా తామరాకులే. నేను రోజూ చూస్తూ పెరిగినదాన్ని, వాడు సెలవుల్లో కారు కిటికీలోంచి చూసి వదిలేయడం నాకు కష్టంగానే ఉంటుంది.

మర్నాడు వాడే వచ్చాడు, తొట్టిలోకి కప్పలు వస్తాయన్న ఆశతో. రైలు పట్టాల కింద నుంచి తీసిన పాత స్లీపర్లు చవగ్గా దొరుకుతాయి గానీ వాటికి చెక్క పాడవకుండా క్రియోసోట్ అనే తారు నూనె పట్టించి ఉంటుంది, నీళ్లలో బతికేవాటికి అది విషం. అందుకని కొత్త చెక్కే కొన్నాం. ఒక్కోటి 2.4 మీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల ఎత్తు, 10 సెంటీమీటర్ల మందం. మూడు వరసలు పేర్చాం. ఇటుక గోడలో లాగే మూలల దగ్గర ఒక వరస అతుకు మీద పై వరస చెక్క వచ్చేలా కట్టి, పొడవాటి స్క్రూలు దించాం. మట్టం సరిచూసుకోవడమే అసలు పని. నేల ఒక పక్క వేలెడు వాలినా నీళ్లన్నీ అటే చేరి, రెండో పక్క లోపల పరిచే రబ్బరు షీటు బయటికి కనిపిస్తుంది. పైగా అర మీటరు లోతున నింపితే 1,100 లీటర్లు, అంటే టన్నుకు పైగా బరువు. నింపాక జరపడమన్న మాటే లేదు. వాడు రసమట్టం పట్టుకుని, బుడగ మధ్యకు వచ్చేదాకా "ఇంకొంచెం లేపు, ఇంకొంచెం" అంటూనే ఉన్నాడు.

అడుగున ఇసుక, దాని మీద మెత్తటి ఫెల్టు, ఆపైన రబ్బరు షీటు. షీటు పొడవు కొలవాలంటే తొట్టి లోపలి పొడవుకి లోతును రెండుసార్లు కలిపి, అంచులు మడవడానికి ఇంకో 40 సెంటీమీటర్లు వేసుకోవాలి. వెడల్పుకీ అదే లెక్క. కుళాయి పైపు పెట్టేద్దామంటే వాడు ఒప్పుకోలేదు. ఆ నీళ్లలో ఉండే ఫాస్ఫేట్లు, నైట్రేట్లకి పాచి పెరుగుతుందట. షెడ్డు కప్పు మీది వాననీళ్లతోనే నింపాం.

మొక్కల చీటీ వాడే రాశాడు. నీటికి ఆక్సిజన్ ఇచ్చే హార్న్‌వర్ట్, అంచున పసుపు పూల మార్ష్ మారిగోల్డ్, చలికి తట్టుకునే చిన్న కలువ. నేను నీటి మీద తేలుతూ పెరిగే అజొల్లా పేరెత్తితే, 2014 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో దాన్ని అమ్మకూడదని చూపించాడు. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మా నాన్నకి ఇది పెద్ద వింత.

"గేదెలకి పెట్టేదాన్ని బ్యాన్ చేశారేంట్రా?"

"తాతయ్యా, ఇక్కడ అది పాండ్ మొత్తం కప్పేస్తుంది. కిందకి లైట్ వెళ్లదు. లోపలున్నవి చచ్చిపోతాయి."

నాన్న ఫోను పట్టుకుని చావిడి వెనక్కి వెళ్లి తన మడి చూపించారు. ఇటుకల మధ్య ప్లాస్టిక్ షీటు, జల్లించిన మట్టి, పేడ నీళ్లు, పైన పచ్చగా అజొల్లా. గుప్పెడు తీసి, పేడ వాసన పోయేలా బకెట్లో జాడించి దాణాలో కలిపారు. "కప్పలొస్తాయా తాతయ్యా?" అంటే "రాకేం, రాత్రంతా ఒకటే గోల" అన్నారు. నేను మధ్యలో మాట కలపలేదు. వాడు అంతసేపు తెలుగులో మాట్లాడటం నేను ఈమధ్య వినలేదు.

పిల్లలకి తెలుగు రావాలంటే పుస్తకం పక్కన పెట్టి ఏదైనా పనిలో దింపండి అని ఆ రాత్రి స్నేహితురాలికి మెసేజ్ పెట్టాను. ఆదివారం తెలుగు బడిలో వాడు మళ్లీ నోరు విప్పకుండా కూర్చున్నాడు. టీచరు అడిగినదానికి ఇంగ్లిషులో జవాబిచ్చాడు. ఇంటికొచ్చాక నేను కోప్పడిందీ ఇంగ్లిషులోనే. చట్టం వద్దన్నదని అజొల్లాని మారుమాట లేకుండా వదిలేశాను కదా, వాడు వద్దన్న తామరని ఎందుకు వదలలేకపోతున్నాను? వాడి మాటకి అంత విలువ ఇవ్వడం లేదేమో. లేక ఇక్కడ సులువుగా పెరిగేవే ఇచ్చి ఊరుకుంటే, రేపు వాడే "నాకెందుకు చూపించలేదు" అంటాడేమోనన్న భయమో.

చివరికి తామరకి విడిగా ఒక టబ్బు పెట్టాం, వంటింటి అద్దం తలుపు పక్కన, ఎండ పడే చోట. దాని పని అంతా నాదేనని వాడి షరతు. దుంప కొన చాలా సున్నితం, విరిగితే మొలక రాదు. నాటేటప్పుడు వాడు దూరంగా నిలబడే "కొన మట్టి పైకి ఉండాలి" అన్నాడు. ఎక్కడో చదివినట్టున్నాడు. ఆకులు వచ్చాయి, మొగ్గ లేదు. తొట్టిలో కప్పలూ ఇంకా రాలేదు. అవి ఎక్కి దిగడానికి లోపల, బయట రాళ్లు పేర్చాడు. వేరే చెరువు నుంచి గుడ్లు తెద్దామంటే, జబ్బులు కూడా వస్తాయి, వాటంతట అవే రావాలి అంటాడు. ఫిబ్రవరి దాకా ఆగుతాడట.

ఆలోపు అక్టోబరులో ఆ టబ్బుని గ్యారేజీలోకి చేర్చాలి. ఒక్కదాన్నే ఎత్తలేను. షరతు పక్కన పెట్టి వాడిని సాయం అడగాలో, ఈయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాలో తేల్చుకోలేదు.