స్టానేజ్ ఎడ్జ్‌లో లీడ్ చేసేదాకా: నా అనుభవం

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉంటున్న మనవాళ్ళు కొందరు స్టానేజ్ ఎడ్జ్ ఫోటోలు చూసి, అక్కడ ఎక్కడం ఎలా మొదలుపెట్టాలి, భయం వేయదా అని అడుగుతున్నారు. వేస్తుంది. అయినా నేర్చుకోవచ్చు, నాకు ఎలా వచ్చిందో చెప్తాను.

హాథర్‌సేజ్ ఊరి పైన, హెదర్ పొదలు తప్ప చెట్టూ చేమా పెద్దగా లేని బయలు ఒక్కసారిగా తెగిపోయి గోడలా నిలబడుతుంది, అదే స్టానేజ్. పొడవు దాదాపు 6 కిలోమీటర్లు, అన్నిటికన్నా ఎత్తైన చోటు హై నెబ్, 458 మీటర్లు. రాయి గ్రిట్‌స్టోన్, అంటే ముతక గింజల ఇసుకరాయి. ఒకప్పుడు తిరగలి రాళ్ళు చెక్కింది దీంతోనే, చెక్కి వదిలేసినవి ఇప్పటికీ గోడ కింద గడ్డిలో పడి ఉన్నాయి.

ఇక్కడ రాతికి బోల్టులు కొట్టరు. ముందు ఎక్కేవాళ్ళే (లీడ్ చేయడం అంటే ఇదే) పగుళ్ళలో నట్స్ (తీగకు బిగించిన లోహపు ముక్కలు), క్యామ్స్ (పగుల్లో విచ్చుకుని బిగుసుకునే స్ప్రింగ్ పరికరాలు) పెట్టుకుంటూ, వాటికి రోప్ తగిలించుకుంటూ పోవాలి, వెనక వచ్చేవాళ్ళు, అంటే సెకండ్, వాటిని తీసుకుంటూ రావాలి. ఇండోర్ వాల్ మీద చేతులకు ఎంత బలం వచ్చినా ఈ పని అక్కడ రాదు, అందుకే నేను ఒక క్లబ్‌లో చేరాను. అక్కడ డెబ్బై దాటిన ఒక పెద్దాయన నన్ను చాలాకాలం సెకండ్‌గానే తిప్పారు. ప్రతి నట్ తీసేముందు ఆగి, అది ఎటు లాగితే బిగుస్తుందో ఎటు కదిపితే ఊడుతుందో చూడమనేవారు. వేలి కణుపంత లోహపు ముక్క, పగులు సన్నబడే చోట సరిగ్గా కూర్చుంటే మనిషి బరువు మొత్తం ఆపుతుంది! నట్ కీ అనే సన్నటి కొక్కెంలాంటి పనిముట్టుతో కింద నుంచి తట్టి తట్టి ఊడదీస్తుంటే, ఎందుకు అంత గట్టిగా పట్టిందో చేతికే తెలిసిపోతుంది. లీడ్ చేయడం నాకు వచ్చింది అలా తీయడం వల్లే అని గట్టిగా నమ్ముతాను.

రెండోది కాళ్ళు. చాలాచోట్ల పట్టుకోడానికి అంచు ఉండదు, మడమ కిందకి దించి షూ రబ్బరు మొత్తం రాతికి ఆనించి నిలబడాలి. భువనగిరి గుట్ట మీద నేర్చుకున్నవాళ్ళకు ఈ నమ్మకం కొంత ముందే ఉంటుంది. చల్లటి రోజుల్లో గ్రిప్ బాగుంటుంది, ఎండాకాలం చెమటకి చేతులు జారతాయి. పగుల్లో చెయ్యి దూర్చి, బొటనవేలు లోపలికి మడిచి బిగించే జామింగ్‌కి మాత్రం చేతి వెనక చర్మం లేస్తుంది, టేప్ చుట్టుకోండి.

మొదట లీడ్ చేసింది హాలీబుష్ క్రాక్ అనే దారి, గ్రేడ్ వీడిఫ్ (వెరీ డిఫికల్ట్), పేరు అలా ఉన్నా కొత్తవాళ్ళు చేయదగ్గదే. సగం ఎక్కాక నట్ కూర్చోలేదు, కాళ్ళు వణకడం మొదలైంది, ఒక చేత్తో వేలాడుతూ ఇంకో సైజు పెట్టి కిందకి గట్టిగా గుంజితే దిగబడింది, రోప్ క్లిప్ చేసిన చప్పుడు విన్నాక గానీ ఊపిరి అందలేదు. పైకి చేరాక పని అయిపోదు, విడివిడిగా రెండు మూడు చోట్ల రాతికి మనల్ని కట్టేసుకునే యాంకర్ కట్టుకుని అప్పుడు "సేఫ్" అని అరవాలి, మిగిలిన రోప్ పైకి లాగాలి, అది బిగుసుకోగానే కింద నుంచి "దట్స్ మీ" అని వినిపిస్తుంది, బిలే పెట్టి (సెకండ్ జారితే ఆపేలా రోప్ పట్టుకుని) "క్లైంబ్ వెన్ రెడీ" అనాలి. గాలి హోరులో మాటలు కొట్టుకుపోతాయి, కాబట్టి ఇవన్నీ నేల మీదే మాట్లాడుకుని వెళ్ళండి.

ఇప్పుడు వీడిఫ్ కన్నా కష్టమైన సివియర్ గ్రేడ్‌లు లీడ్ చేస్తున్నాను. పేరుమోసిన ఇంగ్లిష్ క్లైంబర్ జో బ్రౌన్ 1949లో ఎక్కిన రైట్ అన్‌కాంకరబుల్ అనే దారి కింద నిలబడి చూస్తే, ఇప్పుడున్న గేర్ ఏదీ లేకుండా ఎలా వెళ్ళాడా అని గుండె ఝల్లుమంటుంది. వచ్చేవాళ్ళు హెల్మెట్, గాలి ఆపే జాకెట్ తెచ్చుకోండి. వసంతంలో రింగ్ ఊజెల్ పక్షులు ఈ రాతి గోడల్లో గూళ్ళు పెడతాయి, ఆ చోట్ల బోర్డులు ఉంటాయి, అటు వెళ్ళకండి. ఏ భాగంలో ఎక్కకూడదో బీఎంసీ (బ్రిటిష్ మౌంటెనీరింగ్ కౌన్సిల్) వెబ్‌సైట్‌లో బయల్దేరేముందే చూసుకోవచ్చు.