ఉప్పాడ రోడ్డు, ఉప్పు తుంపర, మా అంబాసిడర్ హెడ్‌లైట్లు

జూన్ 28

నిన్న రాత్రి ఉప్పాడ నుంచి కాకినాడకు సముద్రపు ఒడ్డు రోడ్డు మీదుగా వస్తుంటే ఎడమ హెడ్‌లైటు మినుకుమినుకుమని ఆరిపోయినంత పని చేసింది. సముద్రం పోటు మీద ఉంది, దానికి గాలి తోడైంది. రాళ్ల కట్టను కొట్టిన అల తుంపరగా లేచి రోడ్డు దాటి కారు మీద పడుతోంది. బ్రైట్ వేస్తే రెండు లైట్లూ వెలుగుతున్నాయి, డిమ్‌కు రాగానే ఎడమది మళ్లీ మసకబారుతోంది. ఎదురుగా చేపల వ్యాన్లు వస్తున్నాయి కాబట్టి బ్రైట్ వేసుకుని నడపలేను. ఇరవై దాటకుండా ఇల్లు చేరాను. వెనక సీట్లో అమ్మ ఉంది. ఇంత దిగులు ఆ రోడ్డు మీద ఎప్పుడూ పడలేదు.

కారు 1986లో నాన్న కొన్న మార్క్ 4 అంబాసిడర్. ఇంజను పని మేస్త్రి చూసుకుంటారు, కరెంటు పని మాత్రం నేనే చేసుకుంటాను. ఈ ఏడాది హెడ్‌లైట్ల వైరింగు మొదటినుంచి కొత్తగా వేయాలని నిర్ణయించుకున్నాను. చేసిన పని చేసినట్టు ఇక్కడ రాస్తాను.

జూన్ 29

క్రోమ్ రింగు తీసి, ఏడు అంగుళాల గుండ్రటి లైటును బయటికి లాగాను. డిమ్, బ్రైట్ రెండూ ఒకదాంట్లోనే ఉండే హెచ్4 బల్బు వెనక మూడు కాళ్ల హోల్డరులో ఒక కాలి చుట్టూ ప్లాస్టిక్ మాడి గోధుమరంగుకు తిరిగింది. లైటు కూర్చునే ఇనుప డొప్ప అడుగున రెండు వేళ్ల మందాన తడి మన్ను. అంబాసిడర్‌లో ఆ డొప్ప వెనక భాగం మడ్‌గార్డు లోపలికి ఉంటుంది. ముందు టైరు చిమ్మే బురద నేరుగా దాని వీపు మీదే పడుతుంది. ముందునుంచి వచ్చే వానకంటే వెనకనుంచి వచ్చే ఈ బురదే ఎక్కువ చెరుపు చేసింది.

హోల్డరు దగ్గర వైరు కత్తిరించి పై తొడుగు ఒలిచాను. లోపలి రాగి నల్లగా ఉంది. ఇంకో అంగుళం ఒలిచినా నలుపే. నాలుగు అంగుళాలు దాటాక గానీ రాగి రంగు కనబడలేదు. సన్నని పోగులు కలిపి పేనిన వైరు ఒత్తిలాంటిది. ప్రమిదలో ఒత్తి నూనెను పైకి లాగినట్టే తెగిన కొసనుంచి నీటిని లోపలికి లాగుతుంది. బయట తొడుగు కొత్తదానిలా మెరుస్తుంటుంది, లోపల చిలుము పడుతుంటుంది. అందుకే కొస ఒక్కటి కత్తిరించి కొత్త హోల్డరు బిగిస్తే చాలదు. మెరిసే రాగి దొరికేదాకా వెనక్కి వెళ్లాలి, లేదంటే వైరు మొత్తం మార్చాలి.

జూలై 2

మార్చే ముందు మల్టీమీటరుతో లెక్కలు తీసుకున్నాను. ఇంజను నడుస్తూ, డిమ్ వెలుగుతూ ఉండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు. కుడి బల్బు కాళ్ల మధ్య 11.9. ఎడమ బల్బు దగ్గర 11.3 మాత్రమే. ఎడమ బల్బు ఎర్త్ కాలికీ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య చూస్తే 0.7 వోల్టు. అక్కడ దాదాపు సున్నా ఉండాలి. ఎర్త్ వైరును మడ్‌గార్డు రేకుకు బిగించిన స్క్రూ తుప్పుపట్టి ఉంది.

హాలోజన్ బల్బుకు వోల్టేజి పదోవంతు తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. ఈ లెక్కన మా ఎడమ లైటు ఇవ్వాల్సిన వెలుగులో సగమే ఇస్తోంది. తప్పు బల్బుది కాదు. డిమ్ బల్బులు రెండూ కలిసి తొమ్మిది ఆంపియర్లకు పైగా తీసుకుంటాయి. ఆ కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్చు, డిమ్, బ్రైట్ మార్చడానికి కాలితో నొక్కే నేల మీది డిప్పరు స్విచ్చు, గ్రిల్లు వెనక వైర్లను కలిపే బుల్లెట్ కనెక్టర్లు దాటుకుని రావాలి. దారిలో ప్రతి అతుకూ తన వంతు తినేస్తోంది.

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే అయస్కాంతపు స్విచ్చు. అది పెడితే పాత స్విచ్చుల మీద ఆ బరువు ఉండదు. ఒక్కో రిలే చుట్టకు 0.15 ఆంపియరు సరిపోతుంది. అసలు కరెంటు బ్యాటరీనుంచి ఫ్యూజు దాటి, రిలే దాటి, నేరుగా బల్బుకు వెళ్తుంది. చాలామంది డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి రిలే పెడతారు. నేను డిమ్‌కు ఎడమా కుడీ వేర్వేరుగా రెండు, బ్రైట్‌కు ఒకటి, మొత్తం మూడు పెడుతున్నాను. ఫ్యూజులు కూడా అలాగే విడివిడిగా, డిమ్‌కు పదేసి ఆంపియర్లవి, బ్రైట్‌కు 15ది. ఒక రిలేలోకి నీరు దిగినా రెండో కన్ను వెలుగుతూ ఉండాలి. బ్యాటరీనుంచి వచ్చే 4 చదరపు మిల్లీమీటర్ల పెద్ద వైరుకు, పాజిటివ్ నుంచి జానెడు దూరం లోపలే 30 ఆంపియర్ల ఫ్యూజు. అంతకంటే దూరం పెడితే ఫ్యూజుకు ముందున్న వైరు రేకుకు రాసుకున్నప్పుడు దాన్ని ఆపేవారు ఉండరు.

జూలై 9

రిలేలను ఇళ్ల వైరింగులో వాడే చదరపు ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, మూత చుట్టూ, వైర్లు దూరే కన్నం చుట్టూ సిలికాన్ నింపి, రేడియేటరు పక్కన బిగించాను. చీమ కూడా దూరలేదనిపించింది. వెలుగు చూసి ఇంట్లో అందరూ బయటికి వచ్చారు.

జూలై 30

మూడు వారాల వానల తర్వాత ఎడమ డిమ్ రిలే టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. పెట్టె కోసి చూస్తే అడుగున రెండు చెంచాల నీరు. బల్బుకు కరెంటు పంపే 87 నంబరు కాలు ఆకుపచ్చగా ఉంది.

రెండు రోజులు దీన్నే ఆలోచించాను. తెలిసింది రాస్తాను.

ఇంజను వేడికి పెట్టెలోని గాలి 30 డిగ్రీలనుంచి 70 డిగ్రీలకు చేరితే సుమారు 13 శాతం వ్యాకోచిస్తుంది. ఏదో సందు వెతుక్కుని బయటికి పోతుంది. తర్వాత వానలో కారు ఆగి పెట్టె చల్లబడినప్పుడు అదే సందునుంచి లోపలికి పీల్చుకుంటుంది. అప్పుడు ఆ సందు దగ్గర నీటిబొట్టు ఉంటే ఆ బొట్టే లోపలికి వెళ్తుంది. సందు ఎక్కడుందంటే, ఏడెనిమిది వైర్ల కట్ట మధ్యలో. కట్ట చుట్టూ సిలికాన్ పడుతుంది కానీ వైరుకూ వైరుకూ నడుమ దిగదు. అలా లోపలికి వెళ్లిన నీటికి బయటికి దారి నేనే మూసేశాను.

ఇంకొకటి. నేను వాడిన సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేసింది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది, అది రాగిని తింటుంది. వైర్ల దగ్గర వాడాల్సింది ఆ వాసన రాని న్యూట్రల్ రకం. దుకాణంలో డబ్బా మీద చదివి తీసుకోవాలి.

ఆగస్టు 4

జగన్నాథపురం వైపు చేపల బోట్లకు లైట్లు వేసే మేస్త్రి ఒకరిని కలిశాను. పాత పెట్టె చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "పడవ మీద ఇలా మూసేస్తే ఒక్క సీజను కూడా ఉండదు బాబూ. నీళ్లు రాకుండా మనం ఆపలేం. వచ్చినవి కిందికి జారిపోవాలి, అంతే" అన్నారు. పెట్టె అడుగున పెన్సిలు దూరేంత చిల్లు ఎందుకు పెట్టలేదని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

ఆయన వాడే వైరు ముక్క ఒకటి ఇచ్చారు. ఒలిస్తే లోపల రాగి తెల్లగా ఉంది. ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టినట్టే ప్రతి పోగుకూ కళాయి పూసి ఉంది. ఉప్పు గాలికి ఇదే నిలుస్తుందన్నారు. ధర మామూలు వైరుకంటే బాగా ఎక్కువే. బల్బులనుంచి రిలేల వరకు అదే 2.5 చదరపు మిల్లీమీటర్లది కొన్నాను.

ఆగస్టు 10, 11

అతుకులు ఎలా వేయాలో తేల్చుకోవడానికి ఒక పరీక్ష చేశాను. మూడు స్టీలు గ్లాసుల్లో ఉప్పునీరు. మూడు వైరు ముక్కలకు మధ్యలో తలా ఒక అతుకు. మొదటిది మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టినది. రెండోది టంకం పెట్టి వేడి చేస్తే ముడుచుకునే మామూలు ష్రింక్ స్లీవు తొడిగినది. మూడోది నొక్కుడు ప్లయరుతో క్రింప్ చేసి, లోపల జిగురు ఉండే ష్రింక్ స్లీవు తొడిగినది. అతుకు నీటిలో మునిగి, రెండు కొసలూ పైకి ఉండేలా వేలాడదీశాను. పాత 12 వోల్టుల బ్యాటరీ పాజిటివ్ వైరుకు, నెగెటివ్ గ్లాసుకు, నడుమ ఒక ఆంపియరు ఫ్యూజు, మీటరు. ఆరుబయట అరుగు మీద పెట్టాను, ఎందుకంటే ఇందులోంచి వచ్చే వాయువులు గదిలో ఉండకూడదు.

టేపు చుట్టినది కరెంటు ఇచ్చిన క్షణంలోనే బయటపడింది. గ్లాసు లోపలి గోడ వెంట సన్నని బుడగలు బియ్యం కడిగిన నీటి నురగలా లేచాయి. పది నిమిషాల్లో టేపు అంచునుంచి ఆకుపచ్చ మడ్డి కిందికి దారంలా జారింది. రెండోది గంటన్నర వరకు బాగానే ఉంది. తర్వాత మీటరులో అంకె కదిలింది, స్లీవు రెండు అంచుల దగ్గరా బుడగలు కనిపించాయి. మూడోది తెల్లవారినా సున్నా దగ్గరే ఉంది. కోసి చూశాను. జిగురు వైరు తొడుగుకు పట్టేసి, రాగి కొత్తగా మెరుస్తోంది.

జిగురు స్లీవు వేడి చేసేటప్పుడు రెండు అంచుల్లోనూ జిగురు సన్నని ఉంగరంలా బయటికి వచ్చిందా లేదా చూడాలి. ఒకవైపే వస్తే రెండోవైపు మూసుకోలేదని అర్థం.

ఆగస్టు 17 – 25

రెండోసారి కట్టడం. ఈసారి పెట్టె లేదు. పై తొడుగు అంచు లంగాలా సాకెట్టు మీదికి దిగి ఉండే, ఒక్కో వైరుకు ఒక్కో రబ్బరు సీలు ఉన్న సీల్డ్ రిలేలు తీసుకున్నాను. మామూలు వాటికి మూడు రెట్ల ధర. ఇనుప పట్టీ వంచి రంగు వేసి, ఇంజను పొగ పోయే వేడి గొట్టాలు (మానిఫోల్డ్) లేని వైపు, రేడియేటరు ఫ్యాను నీటిని విసిరే దిశకు పక్కగా, అందినంత ఎత్తులో బిగించాను. రిలే కాళ్లు నేలవైపే చూడాలి. పైకి ఉంటే సాకెట్టు గిన్నె అవుతుంది, పక్కకు ఉంటే వైరు వెంట వచ్చిన బొట్టు లోపలికి దిగుతుంది.

సాకెట్టునుంచి వైర్లు రెండు అంగుళాలు కిందికి వెళ్లి, అక్కడ వంపు తిరిగి మళ్లీ పైకి లేచేలా కట్టాను. కరెంటు స్తంభం నుంచి ఇంటికి సర్వీసు వైరు లాగేటప్పుడు లైన్‌మన్ పైపు ముందు కిందికి వంపు వదులుతాడు చూడండి, అదే పని. నీరు వైరు పట్టుకుని వచ్చి వంపు అడుగున బొట్టుగా రాలిపోతుంది. వైర్లకు తొడిగిన ముడతల గొట్టం చీలికను కిందివైపు తిప్పి, పల్లంగా ఉన్న చోట చిన్న చిల్లు పెట్టాను.

డొప్పల పని దీనికంటే పెద్దది. మన్ను తీసి, తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ మీద నల్ల రంగు వేశాను. అడుగున కంపెనీ పెట్టిన చిల్లు పూర్తిగా పూడుకుపోయి ఉంది. అల్లిక సూదితో పొడిచి తెరిచాను. డొప్పకూ మడ్‌గార్డుకూ మధ్య కొత్త రబ్బరు. లారీ మడ్‌ఫ్లాప్ రబ్బరు ముక్క కోసి, టైరు చిమ్మే బురద డొప్ప వీపును తాకకుండా మడ్‌గార్డు లోపల తెరలా బిగించాను. దీనికి అయిన ఖర్చు అన్నిటికంటే తక్కువ, మేలు అన్నిటికంటే ఎక్కువ అని నా నమ్మకం.

పింగాణీ హోల్డర్లు వేశాను. కాళ్లకు డైఎలక్ట్రిక్ సిలికాన్ గ్రీజు పలచగా పూశాను. అది కరెంటును పారనివ్వదు, కానీ కాలు గట్టిగా దిగేటప్పుడు లోహం దాన్ని పక్కకు నెట్టేసి లోహాన్ని తాకుతుంది. చుట్టూ మిగిలిన గ్రీజు నీటిని రానివ్వదు. వదులైన హోల్డరుకు గ్రీజు మందు కాదు, దాన్ని మార్చాల్సిందే. పెట్రోలియం జెల్లీ బ్యాటరీ కాళ్లకు బాగుంటుంది, రబ్బరు సీళ్ల దగ్గర వద్దు. కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది.

ఎర్త్‌ను ఇక రేకుకు వదలలేదు. రెండు బల్బుల ఎర్త్ వైర్లనూ బ్యాటరీ నెగెటివ్ దాకా లాగాను.

సెప్టెంబరు 1

బ్యాటరీ దగ్గర 14.0. ఎడమ డిమ్ 13.5, కుడి 13.6. ఎర్త్ వైపు నష్టం 0.05 లోపే.

తర్వాత నీటి పరీక్ష. లైట్లు వేసి, ఇంజను అరగంట నడిపి, ఇరవై నిమిషాలు గొట్టంతో గ్రిల్లు మీదా, చక్రం పక్కనుంచి మడ్‌గార్డు లోపలికీ నీరు కొట్టాను. కాలుతున్న లైటు అద్దం మీద మాత్రం కొట్టలేదు, పగిలే ప్రమాదం ఉంది. లైట్లు ఆర్పి, తడి ఉండగానే చల్లబడనిచ్చాను. జూలైలో పెట్టె నీటిని పీల్చింది ఈ ఘడియలోనే. మళ్లీ వేడి, మళ్లీ నీరు, మళ్లీ చల్లార్చడం. మూడు విడతల తర్వాత సాకెట్లు ఊడదీశాను. లోపల పొడిగా ఉన్నాయి. వైరు వంపు అడుగున ఒక బొట్టు వేలాడుతోంది. ఆ బొట్టు చూసి నాకు కలిగిన సంతోషం రాయకుండా ఉండలేను.

అక్టోబరు 6

కొత్త ఇబ్బంది. డిమ్ నుంచి బ్రైట్‌కు మారుస్తుంటే ఒక్కోసారి రెండూ వెలగడం లేదు. రిలేల్లో తప్పు లేదు. కాలి డిప్పరులోని కాంటాక్టులు ఎక్కువ కరెంటు కోసం చేసినవి. మునుపు తొమ్మిది ఆంపియర్లు పారినప్పుడు, నొక్కిన ప్రతిసారీ పుట్టే చిన్న నిప్పురవ్వే పైనున్న మసిని కాల్చేసేది. ఇప్పుడు పారేది 0.3 ఆంపియరు. అది మసిని దాటలేకపోతోంది. రిలే పెట్టుకునేవారు ఈ సంగతి ముందే ఊహించి పాత స్విచ్చును శుభ్రం చేసుకోవాలి. డిప్పరు ఊడదీస్తే తివాచీ కింద నీరు నిలిచి ఉంది. కాంటాక్టులు తుడిచి, క్లీనరు కొట్టి, కాడకు రబ్బరు టోపీ తొడిగాను. ఇప్పుడు ఒక్కసారి కూడా తప్పడం లేదు.

నవంబరు 19

వాయుగుండం వానలు, నాలుగు రోజులు. రెండు రాత్రులు కారు తీయాల్సి వచ్చింది. నీరు బంపరు అడుగుదాకా వచ్చిన చోట మెల్లగా నడిపాను. లైట్లు ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు.

జనవరి 8

పండగకు ముందు అన్నీ విప్పి చూశాను. రిలే కాళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఎడమ డొప్ప చిల్లు చుట్టూ తెల్లటి ఉప్పు గీత కట్టింది, అంటే నీరు వచ్చింది, ఆ దారినే పోయింది. ఉప్పాడ వెళ్లి వచ్చిన ప్రతిసారీ మడ్‌గార్డు లోపల మంచినీటితో కడగడం అలవాటు చేసుకున్నాను. కుడి డొప్ప అడుగున మాత్రం రంగు పొంగి, లోపల తుప్పు మెత్తగా ఉంది. గోటితో నొక్కితే రేకు లోపలికి పోతోంది. దానికి కొత్తది దొరికేదాకా లోపలనుంచి ఫైబర్ అతుకు వేసి, చిల్లు మూసుకుపోకుండా మధ్యలో అల్లిక సూది నిలబెట్టి ఆరబెట్టాను. ఎల్లుండి సూది తీయాలి.