వెనక చేతి గుద్దు: బలం పాదంలో ఉంది, జబ్బలో కాదు

పంచింగ్ బ్యాగ్ మీద కుడిచెయ్యి ఎంత బలంగా వేసినా బ్యాగ్ ఉయ్యాలలా మెల్లగా అవతలికి పోయి వస్తోందా? అయితే మీరు గుద్దడం లేదు, నెడుతున్నారు. గుద్దు సరిగ్గా పడితే బ్యాగ్ దూరం పోదు. తగిలినచోట లోపలికి మడతపడుతుంది, పైన గొలుసు ఒక్కసారి గలగలమంటుంది. ఈ తేడా జబ్బలో ఎంత కండ ఉందన్న దాన్ని బట్టి రాదు. వెనక పాదం నేలను తోసిందా లేదా అన్నదే తేలుస్తుంది.

బాక్సింగ్‌లో ఈ దెబ్బను క్రాస్ అంటారు. కుడిచేతివాటం వాళ్ళు ఎడమ కాలు ముందుపెట్టి నిలబడతారు కాబట్టి వెనక చెయ్యి కుడిదవుతుంది. సౌత్‌పాలు, అంటే కుడి కాలు ముందుపెట్టి నిలబడే ఎడమచేతివాటం వాళ్ళు, కుడి ఎడమలు మార్చుకుని చదువుకోవాలి.

ముందు నిలబడే తీరు చూసుకోండి. నేల మీద చాక్‌పీస్‌తో ఎదురుగా ఒక గీత గీయండి. ఎడమ పాదం గీతకు ఎడమ పక్కన, కుడి పాదం కుడి పక్కన ఉండాలి. దొమ్మరాటలో తాడు మీద నడిచేవాళ్ళలా రెండు పాదాలూ గీత మీదే ఉంటే నడుము తిరగదు, బలవంతంగా తిప్పితే ఒంటి బ్యాలెన్స్ తప్పుతుంది. పాదాల మధ్య దూరం భుజాల వెడల్పు కంటే కాస్త ఎక్కువ. ముందు పాదం వేళ్ళు 30 నుంచి 45 డిగ్రీలు కుడివైపుకి తిరిగి ఉండాలి. వెనక మడమ కింద రెండు వేళ్ళు దూరేంత సందు ఉండాలి. మోకాళ్ళు బిగబట్టకండి. బరువు రెండు కాళ్ళ మీదా సగం సగం.

ఇక దెబ్బ. కుడి మునిపాదం నేలను వెనక్కి తోస్తూ, బీడీ ముక్కను నలిపినట్టు తిరుగుతుంది, మడమ బయటికి పోతుంది. ఆ తిరుగుడు మోకాలికి, అక్కడినుంచి తుంటికి ఎక్కుతుంది. తుంటి కదిలాక ఛాతీ, ఛాతీ కదిలాక భుజం. ఇవన్నీ బయల్దేరాకే పిడికిలి చెంప దగ్గర్నుంచి కదలాలి. చెయ్యి ముందే పోయి ఆ తర్వాత నడుము తిరిగితే ఆ నడుము తిప్పిన శ్రమంతా గాల్లో కలిసినట్టే. మొదట్లో చాలామంది చేసేది ఇదే, ఎందుకంటే చెయ్యి తేలిక, తుంటి బరువు. తేలికైనది ముందు పరుగెత్తుతుంది.

పిడికిలి ముక్కుసూటిగా పోవాలి. దారిలో మూడింట రెండు వంతులు పోయేదాకా మోచెయ్యి నేలనే చూస్తుండాలి. చివరి వంతులో మాత్రమే పిడికిలి తిరిగి అరచెయ్యి కిందికి వస్తుంది. అప్పుడు భుజం దానంతటదే లేచి దవడను కప్పుతుంది. తగిలే క్షణం దాకా వేళ్ళు వదులుగా ఉంచి, తగిలేటప్పుడు బిగించండి. అదే క్షణంలో పళ్ళ సందున "స్స్" అని ఊపిరి వదలండి. మోచేతిని పూర్తిగా తాళం పడేలా చాచకండి, గాల్లో వేసేటప్పుడైతే అసలే వద్దు. ఆపడానికి ఎదురుగా ఏమీ లేనప్పుడు ఆ కుదుపంతా మోచేతి కీలే మోస్తుంది. వెళ్ళిన దారినే, వెళ్ళినంత వేగంగా చెంప దగ్గరికి తిరిగి రావాలి.

ముందు కాలి సంగతి చాలామంది పట్టించుకోరు. వెనక పాదం తోసిన తోపు ఎక్కడో ఒకచోట ఆగితేనే అది తిరుగుడుగా మారుతుంది. ఆపేది ఎడమ కాలు. దెబ్బ పడే సమయానికి ఒంటి బరువు కాస్త ఎక్కువగా ఎడమ కాలి మీదికి వస్తుంది కానీ మీ ముక్కు ఎడమ మోకాలిని దాటి ముందుకు పోకూడదు. దాటితే మీరు దెబ్బతో పాటు తూలిపోతున్నట్టు. తప్పించుకున్నవాడు ఎడమ హుక్ (పక్కనుంచి వంపుగా వచ్చే దెబ్బ) వేస్తే మీ ముఖమే వెళ్ళి దానికి ఎదురవుతుంది.

జాబ్ (ముందు చేతితో సూటిగా వేసే దెబ్బ), క్రాస్ కలిపి వేయడానికి మజ్జిగ చిలికే కవ్వాన్ని గుర్తుంచుకోండి. తాడు ఒక కొస లాగితే రెండో కొస ముందుకు పోతుంది. మధ్యలో కవ్వం నిటారుగా ఉండి ఉన్నచోటే తిరుగుతుంది. మీ వెన్నెముక కవ్వం, రెండు భుజాలు తాడు కొసలు. ఎడమ చెయ్యి జాబ్ నుంచి సగం దూరం వెనక్కి వచ్చేసరికి కుడిది బయల్దేరి ఉండాలి. ఎడమది చెంప దగ్గరికి వచ్చి కూర్చున్నాక కుడిది మొదలైతే మధ్యలో సందు పడుతుంది, ఎదుటివాడికి అది చాలు. ఇక కవ్వం ఒక పక్కకు ఒరిగితే మజ్జిగ చిందుతుందని తెలుసుగా, మీ నడుము ముందుకో పక్కకో వంగినా అంతే, బలం చెదిరిపోతుంది.

తప్పుల్లో అన్నిటికంటే మొండిది మోచెయ్యి బయటికి లేవడం. రెక్క విప్పినట్టు మోచెయ్యి పక్కకు లేస్తే దెబ్బ వంకర దారిలో పోతుంది, ఎదుటివాడికి ముందే కనిపిస్తుంది, మణికట్టు వంగి తగులుతుంది. మందు సులువు. కుడి భుజం గోడకు జానెడు దూరంలో ఉండేలా గోడ పక్కన నిలబడి నెమ్మదిగా క్రాస్ వేయండి. మోచెయ్యి లేచిన ప్రతిసారీ గోడే చెప్తుంది. రోజూ 20 చొప్పున 5 సెట్లు, వేగం లేకుండా. రెండు వారాలు ఇది చేశాకే బ్యాగ్ దగ్గరికి వెళ్ళమని నా సలహా. తప్పు కదలికతో బ్యాగ్‌ను వెయ్యిసార్లు కొడితే ఆ తప్పే వెయ్యిసార్లు గట్టిపడుతుంది.

రెండోది, కొట్టేముందు చెయ్యి కాస్త వెనక్కి లాగడం. బలం కోసం చేస్తారు కానీ ఆ లాగడం చూసే అనుభవమున్నవాడు తల తప్పించేస్తాడు. పిడికిలికీ చెంపకూ మధ్య ఒక టెన్నిస్ బంతి నొక్కిపట్టి, తుంటిని తిప్పడం మొదలుపెట్టండి. చెయ్యి ముందుకు బయల్దేరినప్పుడే బంతి పడాలి, అంతకుముందే పడిందంటే చెయ్యి వెనక్కో కిందికో జారినట్టు. ఎడమ చెయ్యి కిందికి జారడం మూడో తప్పు. దీనికి ఎడమ పిడికిలితో చెంప దగ్గర ఒక చిన్న తువ్వాలు మడత పట్టుకుని షాడో (ఎదురుగా ఎవరూ లేకుండా గాల్లో దెబ్బలు వేసే సాధన) చేస్తే సరి.

పాదం తిరగకపోవడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నడుము తిరిగి, పాదం నేలకు అతుక్కుపోతే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. డాబా మీద గరుకు సిమెంటు నేల, దానికి తోడు గట్టిగా పట్టే రన్నింగ్ షూస్ వేసుకుని ప్రాక్టీస్ చేసేవాళ్ళకి కుడి మోకాలు లోపలి పక్క నొప్పి వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. నున్నటి నేల చూసుకోండి, లేదా చదును అడుగున్న బూట్లు వేసుకోండి.

పిడికిలి విషయం. చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలు ముడిచి, బొటనవేలిని చూపుడు, మధ్యవేళ్ళ మీద అడ్డంగా పెట్టండి, లోపల దాచకండి. చూపుడు, మధ్యవేళ్ళ కణుపులు తగలాలి. ఆ రెండూ మణికట్టుతో, ముంజేతి ఎముకతో ఒకే గీతలో ఉంటాయి. చిటికెన వేలి వైపు తగిలితే ఆ వేలి వెనక అరచేతిలో ఉండే ఎముక, కణుపుకు కాస్త కింద, విరగొచ్చు. డాక్టర్లు దీన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. గ్లవ్ లోపల 4.5 మీటర్ల బ్యాండేజ్ చుట్టుకోండి. మణికట్టు చుట్టూ మూడు, కణుపుల మీద మూడు చుట్లు, ఆ తర్వాత వేళ్ళ మధ్యనుంచి తిప్పి, మిగిలింది మళ్ళీ మణికట్టుకే.

దూరం కూడా దెబ్బలో భాగమే. కుడిచెయ్యి జాబ్ కంటే ఎక్కువ దూరం ప్రయాణించాలి కాబట్టి ఒంటరిగా వేస్తే అందదు, అందినా ముందే కనిపిస్తుంది. జాబ్‌తో పాటు అరడుగు ముందుకు జరిగి, ఆ అడుగు నేలకు ఆనాక క్రాస్ వేయండి. ఎదురుగా సౌత్‌పా ఉంటే మాత్రం ఇదే మీ ప్రధాన ఆయుధం. మీ ఎడమ పాదాన్ని అతని ముందు పాదానికి బయటి పక్క పెడితే, కుడిచేతికి అతని గడ్డం దాకా దారి తెరుచుకుంటుంది.

మన ఊళ్ళల్లో చాలామంది కరాటే బెల్టుల తర్వాత బాక్సింగ్‌కో కిక్ బాక్సింగ్‌కో వస్తారు, వాళ్ళకో మాట. గ్యాకు జుకిలో (కరాటేలో వెనక చేతి గుద్దు) తుంటి తిరిగే సూత్రం అచ్చంగా ఇదే, ఆ కష్టం వృథా పోదు. కానీ జెన్‌కుట్సు దాచిలో (ముందు మోకాలు వంచి నిలబడే పొడుగు భంగిమ) వెనక మడమ నేలకు ఆనించి, రెండో చేతిని హికితెగా నడుము దగ్గరికి లాగడం నేర్పుతారు. గ్లవ్స్ వేసుకున్నాక ఈ రెండూ మార్చుకోవాలి. హికితె అలవాటుగా వచ్చేస్తే ఎడమ దవడ మొత్తం ఖాళీ. కరాటే పోటీల్లో చేతి దెబ్బ ఒక పాయింట్ యూకో అవుతుంది, రెఫరీ ఆపుతాడు. రింగ్‌లో దెబ్బ తగిలాక కూడా ఎదుటివాడు తిరిగి కొడుతూనే ఉంటాడు, అందుకే ఎడమ చెయ్యి చెంప వదలకూడదు.

నిజామాబాద్ నుంచి వెళ్ళి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్ ఫైట్లు నెట్‌లో దొరుకుతాయి. వేగం సగానికి తగ్గించి, చేతుల్ని వదిలేసి పాదాలు మాత్రమే చూడండి. తర్వాత మీ ఫోన్‌ను పక్కనుంచి నడుము ఎత్తులో పెట్టి స్లో మోషన్‌లో మిమ్మల్ని తీసుకోండి. పిడికిలి బ్యాగ్‌కు తగిలిన ఫ్రేమ్ దగ్గర ఆపి నాలుగు చూడండి: కుడి మడమ బయటికి తిరిగిందా, ముక్కు మోకాలి లోపలే ఉందా, గడ్డం భుజం వెనక దాగిందా, ఎడమ గ్లవ్ ఎక్కడుంది. వారానికొక్కసారి చాలు, ఒక్కోసారి ఒక్క తప్పునే దిద్దుకోండి. పాదంతో మొదలుపెట్టండి.