ఒంటేలు వచ్చిన రోజు

పత్తికొండ దగ్గర మా చేన్లో బుడ్డలు పెరుకుతుంటే కాలి మడమ మీద కరిచింది. రక్తపింజరి. కుక్కర్ విజిల్ మాదిరి బుస వినబడింది గానీ కాలు తీసేంత సందివ్వలేదు. పసరు పోసే ఆయన కాలికి తాడు బిగించి రెండు గంటలు కూర్చోబెట్టినాడు. ఆ రెండు గంటల మీద నాకు ఇప్పటికీ కోపమే.

కర్నూలులో కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా పెట్టినారు. తర్వాత వంచితే నీళ్ల మాదిరి జారింది. గడ్డ కట్టలేదంటే విషం ఎక్కినట్టేనంట. వెంటనే విరుగుడు మందు ఎక్కించినారు. ప్రాణం నిలిచింది గానీ మూడో రోజుకు ఒంటేలు బందయింది. కిడ్నీలు పని ఆపేసినాయి. రక్తంలో 1 దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ అనే మలినం 8 దాటింది.

మెడలో గొట్టం వేసి డయాలసిస్ పెట్టినారు. "ఒంట్లో నెత్తురంతా బయటికి తీస్తారా నాయనా?" అని అమ్మ అడిగితే, "లేదమ్మా, ఎప్పుడు చూసినా బయట ఉండేది రెండు టీ గ్లాసులంతే" అన్నాడు టెక్నీషియన్. పంపు నిమిషానికి 200 మిల్లీలీటర్లు లాగుతుంది. రక్తం వడకట్టే డయలైజర్‌లో వెంట్రుకల్లాంటి వేల గొట్టాల గుండా రక్తం పోతుంటే, చుట్టూ పారే మందునీళ్లలోకి మలినాలు దిగిపోతాయి.

మామూలుగా రక్తం గడ్డ కట్టకుండా హెపారిన్ ఇస్తారు. నాకు అసలే రక్తం కారే భయం, అందుకని అది లేకుండానే నడిపించినారు. అరగంటకోసారి సెలైన్ తోస్తే ఎర్రగొట్టం గులాబీ రంగుకు తిరిగి, ఆనక నీళ్లరంగుకు తేలేది. డయలైజర్‌లో రక్తం గడ్డ కట్టిన నల్లచారలు ఉన్నాయేమోనని టార్చి కొట్టి చూసేవాళ్లు. నాలుగు గంటలూ నా చూపు దాని మీదే. ఒళ్లంతా చలి, రెండు దుప్పట్లు కప్పినా.

చూడటానికి వచ్చినోళ్లంతా టెంకాయ బోండాలు, అరటిపండ్లు తెచ్చేవాళ్లు. పొటాషియం ఎక్కువ, గుండెకు ప్రమాదమని సిస్టర్ అన్నీ వెనక్కి పంపేది. "టెంకాయ నీళ్లు కూడా తప్పేనా, ఇదేం జబ్బురా!" అని మా చిన్నాయన అలిగినాడు.

రోజు విడిచి రోజు ఏడుసార్లు అయినాక, ఒక తెల్లారుజామున బాటిల్లో 60 మిల్లీలీటర్లు పడింది. అమ్మ దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. వారం తిరిగేసరికి రోజుకు మూడు లీటర్లయింది. అంతవరకు గుక్కెడు నీళ్లకు గీచులాడినోళ్లే, తాగు తాగు అని వెంటపడినారు.

ఇప్పుడు క్రియాటినిన్ 1.1. అమ్మ ఫోన్లో తిన్నావా అని అడగడం మానేసింది. "ఒంటేలు బాగొస్తాందా?" అంటుంది. నేను బస్సులో ఉన్నా సరే, గట్టిగా.