క్రావడి ముందా, గుడిదీర్ఘం ముందా

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక అమెరికన్ చర్చి హాలుని మా తెలుగు సంఘం ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటుంది. ఆరాధన, తర్వాత భోజనాలు, ఆ తర్వాత కుర్చీలు మడతపెట్టడం. పోయిన వేసవిలో దానికి ఇంకో గంట కలిసింది, కంప్యూటర్ క్లాసు. మనవల్ని చూసుకోవడానికో, కూతురికి పురుడు పొయ్యడానికో ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ల కోసం. నేర్పేది హైస్కూలు పిల్లలు. మా పద్నాలుగేళ్లవాడి పేరు నేనే ఇచ్చేశాను, వాణ్ని అడక్కుండా.

కార్లో ఇంటిదాకా గొడవ. "అమ్మా, వాళ్లకి ఇంగ్లిష్ రాదు, నాకు తెలుగు రాదు. ఎలా చెప్పాలి?"

వాడికి తెలుగు రాదంటే నేను ఒప్పుకోలేదు. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే కదా. వాడి తెలుగేమిటో మొదటి క్లాసులో పది నిమిషాలకే బయటపడింది. డెబ్బై దాటిన తాతగారిని పట్టుకుని, "నువ్వు ఇక్కడ నొక్కు. వద్దు, అది ముట్టుకోకు. ఆగు!" అంటున్నాడు. గిన్నెలు సర్దుతున్న నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి తిడదామనుకున్నా గానీ, ఆలోచిస్తే వాడి తప్పేముంది? పుట్టినప్పటి నుంచి వాడు విన్న తెలుగంతా మేం వాడితో అన్నదే. లే, తిను, పళ్లు తోముకో, ముట్టుకోకు. "మీరు నొక్కండి" అనే తెలుగు వాడి చెవిన పడేదెప్పుడు? మేం పెద్దవాళ్లతో మాట్లాడేది ఫోన్లో, వాడు గది తలుపేసుకుని ఉన్నప్పుడు.

తాతగారు ఆ 'నువ్వు'ని పట్టించుకునే స్థితిలో లేరు. ఆయన టెన్షన్ ఆయనది. "ఏదన్నా నొక్కితే చెడిపోద్దేమో బాబూ, చర్చివాళ్ల సొమ్ము" అంటూ మౌస్‌ని కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. బల్ల అంచు దాకా జరిపి, ఇంక చోటు లేదని ఆగిపోయారు. మౌస్‌ని ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టుకోవచ్చని చెప్పాలని మావాడికి తట్టలేదు. అది చెప్పాల్సిన విషయమని నాకూ ఎప్పుడూ తట్టలేదు.

చెయ్యి అలవాటు పడటానికి సాలిటేర్ ఆడిద్దామన్నాడు మావాడు. మంచి ఆలోచనే. 1990లో విండోస్ 3.0తో వచ్చినప్పటి నుంచి ఎంతోమందికి మౌస్ పట్టుకోవడం నేర్పింది ఆ ఆటే. కానీ తెర మీద పేకముక్కలు కనపడగానే ఒక మామ్మగారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. చర్చిలో పేకాటా! అయ్యగారు నవ్వి ఊరుకున్నారు గానీ, మేం పెయింట్‌కి మారిపోయాం. గీతలు గియ్యడానికి ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇంతకీ వీళ్లకి కంప్యూటర్ ఎందుకు కావాలి? వీడియో కాల్స్ కోసమనుకున్నాను. కాదు, అవి ఫోన్లో చేసుకుంటున్నారు. ఒకాయన అడిగింది ఐ-94, అంటే అమెరికాలోకి వచ్చినట్టు రాసి ఉండే కాగితం. విమానంలో వచ్చేవాళ్లకి 2013 నుంచి ఆ కాగితం చేతికివ్వడం లేదు, వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ఇక్కడ ఏ తేదీ దాకా ఉండొచ్చో అందులో ఉంటుంది. "అబ్బాయిని అడిగితే, వెళ్లిపోవడానికి తొందరపడుతున్నానని కోడలు అనుకుంటుంది" అన్నారాయన. మావాడు ఆ మాట నన్నడిగి అర్థం చేసుకున్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అసలు కథ టీచరుగారితో. గుంటూరు వైపు ఎలిమెంటరీ స్కూల్లో చేసి రిటైరయ్యారు. ఆవిడకి తెలుగులో టైపు చెయ్యాలని. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి చూపించాడు. "తెలుగు రాయడానికి ఇంగ్లిష్‌లో ఆలోచించాలా?" అని ఒప్పుకోలేదావిడ. విండోస్‌లోనే ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వెతికి పెట్టాడు. గుణింతాలు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. క, ఖ ఒకే మీట మీద, ఖ కావాలంటే షిఫ్ట్ పట్టుకోవాలి. కాగితం టేపు మీద అక్షరాలు రాసి ఒక్కో మీటకీ అంటించాడు. ఆ రాసింది చూసి ఆవిడ సగం టేపులు పీకించి మళ్లీ రాయించారు. వాడి 'ఖ', 'భ' ఆవిడకి నచ్చలేదు.

ఆవిడ మొదట కొట్టిన మాట క్రీస్తు. చేత్తో రాసేటప్పుడు ఎలా రాస్తాం? కకి గుడిదీర్ఘం, తర్వాత కింద క్రావడి, అదే రావత్తు. ఆవిడ అలాగే కొట్టారు. తెర మీద కీ వచ్చింది, పక్కన చుక్కల సున్నా ఒకటి, దానికి వేలాడుతూ రావత్తు. మళ్లీ కొట్టారు. మళ్లీ అదే. "చూశావా, పాడుచేశాను" అని చేతులు ఒళ్లో పెట్టేసుకున్నారు.

మావాడు రెండు వారాలు దాని మీదే పడ్డాడు. కంప్యూటర్‌కి వత్తు ముందు రావాలి, గుడి తర్వాత. క, పొల్లు, ర, ఆ తర్వాత గుడిదీర్ఘం. మీటల్లో చెప్పాలంటే కె, డి, జె, ఆర్. అది వాడికి అర్థమైంది. కానీ ఆవిడకి చెప్పాలంటే పొల్లంటే ఏమిటో, క్రావడి అంటే ఏమిటో వాడు ముందు ఆవిడ దగ్గరే నేర్చుకోవాల్సి వచ్చింది. రెండేళ్లు తెలుగు బడికి తిప్పాను వాణ్ని, ఫీజు కట్టాను. అఆలు పాటలాగా పాడేవాడు, ఒక్క మాట చదివేవాడు కాదు. ఇప్పుడు కాగితం మీద స్త్రీ అని రాసుకుని, కింద ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతున్నాడు.

"మామ్మగారూ, ముందు క్రావడి కొట్టండి. తర్వాత గుడి" అన్నాడు ఆ ఆదివారం. 'కొట్టండి' అన్నాడు. నేను దూరం నుంచే విన్నాను. చెప్పమని నేను చెప్పలేదు.

అక్టోబరులో ఆవిడ వెళ్లిపోయారు. కొడుకు పాత లాప్‌టాప్ ఇచ్చి పంపాడు. నవంబరులో మావాడికి ఈమెయిల్ వచ్చింది, మూడు వాక్యాలు, ఎక్కడా చుక్కల సున్నా లేదు. మావాడు జవాబు కొట్టడానికి అరగంట పట్టింది. నన్ను చూడనివ్వలేదు, పంపాక చూపించాడు. "వన్దనాలు మామ్మగారూ" అని ఉంది మొదట్లో.

పొద్దున్న లేచేసరికి ఆవిడ దగ్గర్నుంచి ఒక్క ముక్క: "సున్నా, బాబూ, నకారప్పొల్లు కాదు. మళ్లీ రాసి పంపు."