ఒక్క పురుగు కూడా లేదండీ

స్థానిక మొక్కలు పెంచేవాళ్ళు నెలకోసారి కలుస్తారని తెలిసి మొదటిసారి వెళ్ళినప్పుడు, నా ఫోన్‌లో తోట ఫోటోలు ముప్ఫై దాకా ఉన్నాయి. కొత్తవాళ్ళు తమ తోట గురించి రెండు ముక్కలు చెప్పాలన్నారు. నేను రెండు ముక్కలతో ఆగలేదు. బంతి, కాగితపు పూలు, బిళ్ళగన్నేరు, పచ్చగన్నేరు అన్నీ వరసగా చూపించి, చివర్లో కాస్త గొప్పగానే "ఒక్క పురుగు కూడా లేదండీ" అన్నాను.

ఎవరూ నవ్వలేదు కానీ, నవ్వు ఆపుకుంటున్నారని తెలిసిపోయింది. బోటనీ చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు నా ఫోన్ తీసుకుని ఒక్కో ఫోటో జరుపుతూ, "బంతి మెక్సికోది. కాగితపు పూలు దక్షిణ అమెరికావి. బిళ్ళగన్నేరు మడగాస్కర్. పచ్చగన్నేరు మళ్ళీ మెక్సికో వైపుదే" అంటూ పోయారు. నూరువరహాల దగ్గర మాత్రం ఆగారు. "ఇది మనదేనమ్మా. దక్షిణ భారతం, శ్రీలంక దీని పుట్టిల్లు." అంత తోటలో ఒక్క మొక్క! బంతి మనది కాదంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు, అది వేరే సంగతి.

"మరి వీటన్నిటినీ పీకేయమంటారా?" అని అడిగాను. గొంతులో కోపం వినిపించే ఉంటుంది.

"ఎందుకమ్మా? బంతి చుట్టం లాంటిది. వచ్చింది, ఉంది, మనం నీళ్ళు పోస్తే బతుకుతుంది, లేకపోతే పోతుంది. కబ్జాదారులు వేరే ఉన్నారు. వచ్చే నెల చూద్దురుగాని" అన్నారు. ఫోన్ తిరిగి ఇస్తూ, "పురుగు లేదన్నారు చూశారా, మీ మొక్కల్ని తినడం ఇక్కడెవరికీ పెద్దగా తెలియదన్నమాట" అని మాత్రం అనకుండా ఉండలేకపోయారు. వారం వారం మందు కొడతానన్న సంగతి నేను చెప్పలేదు.

మళ్ళీ వెళ్ళకూడదనే అనుకున్నాను. కబ్జాదారులెవరో చూడాలని వెళ్ళాను.

రెండో నెల పాఠం కూర్చుని వినేది కాదు. ఓ ఖాళీ స్థలం నిండా నడుం ఎత్తు వయ్యారిభామ. అదే, కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. 1950ల్లో పుణె దగ్గర కనిపించినప్పటి నుంచి దేశమంతా పాకింది. ఒక్కో మొక్క వేలల్లో విత్తనాలు రాలుస్తుంది. కాబట్టి పూతకు రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడే, వేరుతో సహా లాగాలి. పైన కోసేస్తే మళ్ళీ చిగురుస్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకోమని ముందే చెప్పారు. గ్లవ్స్ వేసుకున్నాను గానీ పొట్టి చేతుల జాకెట్టుతో వెళ్ళాను. రాత్రికి మోచేతుల దాకా దద్దుర్లు, దురద. ఆ మొక్క ఒంటికి తగిలితే చాలామందికి ఇంతేనట. ఇంకో తప్పు కూడా చేశాను. పూత వచ్చిన మొక్కల్ని తీసుకెళ్ళి కంపోస్టు గుంటలో పడేశాను. పక్కనున్నావిడ పరుగున వచ్చి మళ్ళీ బయటికి తీయించింది. గింజ చావకపోతే ఆ ఎరువు వేసిన ప్రతిచోటా అదే మొలుస్తుంది కదా.

పని మధ్యలో మాస్టారు చెప్పిన మాట ఒకటి మనసులో ఉండిపోయింది. వయ్యారిభామను ఇక్కడ తినేవాళ్ళు లేక, దాన్ని తినే జైగోగ్రామా అనే పెంకుపురుగును మెక్సికో నుంచి తెప్పించి, 1984లో మన దేశంలో వదిలారట. తినడానికి పురుగును దేశం దాటించి తెచ్చుకున్నారు! నేనేమో పురుగే లేదని చెప్పుకుని మురిసిపోయాను. మాస్టారు నా వైపు చూడలేదు. చూడనక్కర్లేదు కూడా.

ఆ తర్వాత విత్తనాల నెల. అసలు పాఠమంతా నాకు అక్కడే దొరికింది.

రేల చెట్టు విత్తనాలు ఇరవై పట్టుకెళ్ళి అంతకుముందే కుండీలో వేసి చూశాను. నెల దాటినా ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే వేసినవి వేసినట్టే, గోధుమరంగులో నున్నగా ఉన్నాయి. కుళ్ళను కూడా లేదు. విత్తనాలు చచ్చినవని తేల్చుకుని బృందంలో చెప్పాను. అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ ఉంది. డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. ఒక రేల కాయ నా చేతిలో పెట్టి "పగలగొట్టు" అంది. మూరెడు పొడుగు, నల్లటి గొట్టంలా ఉంది. రాయితో కొడితే విరిగింది. లోపల బిళ్ళలు బిళ్ళలుగా అరలు, ఒక్కో అరలో నల్లటి జిగురు, ఆ జిగురుకు అంటుకుని ఒక్కో గింజ. గింజను పళ్ళ మధ్య పెట్టి కొరకమంది. పన్ను కదిలిందే గానీ గింజకు గీత పడలేదు.

"నీకే లొంగలేదు, నీళ్ళకేం లొంగుతుంది?" అంది.

విషయం అదే. పై పెంకు నీటిని లోపలికి రానివ్వదు. అడవిలో అయితే ఎండ, వాన, జంతువుల కడుపు, ఏళ్ళు కలిసి ఆ పెంకును అరగదీస్తాయి. మనం ఆ పని తొందరగా చేయాలి. గరుకు కాగితం మీద గింజను ఓ పక్క రుద్దుతాం, లోపలి లేత రంగు కాస్త కనిపించగానే ఆపేస్తాం. మొలక వచ్చే మొనవైపు రుద్దకూడదు. తర్వాత రాత్రంతా నీళ్ళలో నానబెడతాం. పొద్దున్నే చూస్తే కొన్ని రెట్టింపు లావయ్యాయి, కొన్ని అలాగే ఉన్నాయి. ఉబ్బినవాటిని విత్తాలి, ఉబ్బనివాటిని మళ్ళీ రుద్దాలి. రుద్దే ఓపిక లేనివాళ్ళు నీళ్ళు మరిగించి, పొయ్యి మీంచి దించాక గింజలు వేసి, చల్లారేదాకా వదిలేస్తారు. నేను రెండూ చేసి చూశాను. రుద్దిన ఇరవైలో పద్నాలుగు మొలిచాయి, వేడినీళ్ళవి ఎనిమిది. ఇంతకుముందు సున్నా కదా, నాకు రెండూ గొప్పే. తంగేడు గింజలకూ ఇదే వైద్యం, కాకపోతే అవి ఇంత మొండివి కావు.

విత్తనాలు తెచ్చుకోవడానికి కూడా పద్ధతులున్నాయని నాకు తెలియదు. ఒకే మొక్క మీద పడి దులిపేయకూడదు. పది మొక్కలుంటే అన్నిటి నుంచీ కొంచెం కొంచెం తీసుకోవాలి, అప్పుడే పిల్లమొక్కల్లో వైవిధ్యం ఉంటుంది. ఏ మొక్క మీదా పదింట ఒక వంతు మించి కోయకూడదన్నది మా బృందం లెక్క. మిగతావి పక్షులకి, చీమలకి, ఆ నేలకి. అడవి మొక్కని మాత్రం వేళ్ళతో సహా పెకలించి తెచ్చుకోవడం మొత్తానికే నిషేధం. కవరు మీద పేరు, తేదీ, ఎక్కడ కోశారో రాయాలి. నేను మొదటిసారి తెచ్చిన కవరు మీద "పసుపు పువ్వు" అని ఉంది. ఆ కవరు ఇప్పటికీ మా సమావేశాల్లో జోకుల్లో వస్తుంటుంది.

పేర్ల గొడవ చిన్నదేం కాదు. ఒకాయన తుమ్మి విత్తనాలు కావాలని అడిగితే ఇంకొకరు అభిమానంగా తుమ్మ గింజలు తెచ్చిచ్చారు. తుమ్మి అంటే మోకాలెత్తు కూడా పెరగని మొక్క, కణుపు కణుపుకీ గుత్తిగా తెల్లటి పూలు, వాటి చుట్టూ తేనెటీగలు. తుమ్మ అంటే ముళ్ళ చెట్టు. ఆయన కుండీలో ముళ్ళు మొలిచాక గానీ సంగతి బయటపడలేదు. అప్పటి నుంచి లాటిన్ పేరు కూడా రాయాలని మాస్టారు రూలు పెట్టారు. తుమ్మిని ల్యూకాస్ ఆస్పెరా అని పలకలేక తంటాలు పడ్డాం. పెద్దమ్మ మాత్రం ఆ రూలును లెక్కచేయలేదు. ఆకు నలిపి వాసన చూసి చెప్పేస్తుంది, తప్పిందని నేను చూడలేదు.

మనలాంటివాళ్ళకు అంత ముక్కు లేదు కాబట్టి ఫోటోలే దిక్కు. అందరం చేసే తప్పు, పువ్వొక్కదాన్నే దగ్గరగా తీసి "ఇదేంటి?" అని అడగడం. ఆకులు కాండానికి ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా, ఆకు అడుగు ఎలా ఉంది, కాయ ఉందా, మొత్తం మొక్క ఎంత ఎత్తు, ఇవన్నీ ఉంటేనే ఎవరైనా ఏమైనా చెప్పగలరు.

ఇక జిల్లేడు సంగతి. వాకిట్లో ఓ మూల జిల్లేడు దానంతటదే మొలిచింది. ఉంచమన్నారు, ఉంచాను. పాలు కంట్లో పడితే ప్రమాదమని పిల్లలకు గట్టిగా చెప్పాను. ఓ రోజు చూస్తే ఆకులకు బొక్కలు. పాత అలవాటు ఊరుకుంటుందా! వేపనూనె కలిపిన నీళ్ళు కొట్టేశాను. ఆదివారం సమావేశంలో, మందు కొట్టడం మానేశానని, వేపనూనె మాత్రమే వాడుతున్నానని చెప్పాను కూడా. మెచ్చుకుంటారనుకున్నాను.

పెద్దమ్మ ఏమీ అనలేదు. వారం తర్వాత తనే మా ఇంటికి వచ్చింది. జిల్లేడు లేతాకుల్ని ఒక్కొక్కటే తిరగేసి, ఒకచోట ఆగి, "ఇటు రా" అంది. ఆకు అడుగున ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి చుక్క. గుడ్డు. నాలుగు రోజులకి అందులోంచి వెంట్రుకంత పురుగు వచ్చింది. ముందు తన గుడ్డు పెంకునే తినేసి, తర్వాత ఆకు మీద పడింది. రెండు వారాల్లో వేలెడు పొడుగైంది. నలుపు తెలుపు పట్టీలు, మధ్యమధ్య పసుపు చుక్కలు, ఒంటి మీద మూడు జతల నల్లటి మీసాలు. నేను రోజుకు రెండుసార్లు కుర్చీ వేసుకుని చూసేదాన్ని. తర్వాత తలకిందులుగా వేలాడి ఆకుపచ్చ గూడైంది. అదొకనాటికి అద్దంలా పలచబడి, లోపలి నారింజ రెక్క బయటికే కనిపించింది. మర్నాడు నేను నిద్ర లేచేసరికి ఖాళీ గూడు. ఎగిరిపోయింది. ఇంత కాపలా కాసి అసలు ముహూర్తం చూడలేకపోయాను.

దాని పేరు ప్లెయిన్ టైగర్. జిల్లేడు విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పక్షులు దాని జోలికి రావు. "మరి పిట్టలకేం మిగిలింది?" అని నేనడిగితే మాస్టారు తంగేడు వైపు చూపించారు. దాని మీద పెరిగే ఆకుపచ్చ పురుగులు, లేత పసుపు సీతాకోకచిలుకల పిల్లలు, వాటికా విషం లేదు. అమెరికాలో చిక్కడీ అనే బుల్లి పిట్ట ఒక్క కాన్పు పిల్లల్ని పెంచడానికి ఆరు నుంచి తొమ్మిది వేల పురుగులు మోస్తుందని లెక్క తేల్చారట. నేను ఇన్నాళ్ళూ మందులు కొట్టి ఎన్ని పిట్టల బువ్వ చెడగొట్టానో లెక్కేయలేదు.

సమావేశాలన్నీ ఇంత బాగా జరిగాయనుకోకండి. ప్రొజెక్టర్ పెట్టి గంటన్నర చెప్పిన రోజు సగం మంది నిద్రపోయారు. మొక్కలు ఉచితంగా ఇస్తామన్న రోజు అరవై మంది వచ్చారు, సంచులు నింపుకుని వెళ్ళారు, మళ్ళీ కనపడలేదు. దాంతో పద్ధతి మార్చాం. గంటసేపు పని చేసినవాళ్ళకే మొక్క. మూడు నెలలకు అది బతికిందో చచ్చిందో వచ్చి చెప్పాలి. చచ్చిందని చెప్పినవాళ్ళకి ఇంకోటి ఇస్తాం. ఈ చివరి షరతు నా సలహా. చచ్చిన మొక్కల కథలు విన్నాకే నాకు బుద్ధి వచ్చింది మరి.

ఏడాది తిరిగేసరికి మా ఇంట్లో సమావేశం పెట్టమన్నారు. నాకు ఒకటే టెన్షన్. తంగేడు అడ్డదిడ్డంగా పెరిగింది, తుమ్మి ఎండి కాడలు నిలబడ్డాయి, పక్కింటివాళ్ళు అప్పటికే పాములొస్తాయని రెండుసార్లు అన్నారు. ఎండు కాడలు కోసేద్దామంటే గింజ రాలేదాకా ఆగమన్నారు మాస్టారు. "లోపల ఎలాగైనా ఉండనీయండి, అంచు మాత్రం శుభ్రంగా పెట్టండి" అన్నారు. దారి పొడవునా రాళ్ళు పేర్చి, రెండడుగుల మేర గడ్డి నేలకంటా కత్తిరించి, పేర్ల పలకలు గుచ్చాను. అంతే, అడవిలా ఉన్నదే తోటలా కనిపించింది. పక్కింటావిడ ఆ రోజు గోడ మీంచి చూసి, తంగేడు పలకను పైకే చదివి, ఒక మొక్క ఇస్తారా అని అడిగింది. గంట పని చేయాలన్నాను. వచ్చి చేసింది.

చివర్లో విత్తనాలు మార్చుకున్నాం. నా కవర్లు పదకొండు, అన్నిటి మీదా రెండు పేర్లు, తేదీ, చోటు ఉన్నాయి. పెద్దమ్మ ఎప్పటిలాగే కొంగు ముడి విప్పి, గింజల్ని నా అరచేతిలో పోసింది. మాస్టారు ఖాళీ కవరు చాపితే తీసుకోలేదు. "నువ్వు రాయమ్మా" అంది నాతో. "తుమ్మి. కాలువ గట్టు, వంతెనకి ఇవతల. మొన్న మంగళవారం."

రాసుకున్నాను. "గట్టు మీద ఇంకా ఉందా పెద్దమ్మా?" అని అడిగాను.

"చాలా ఉంది. కొంచెమే తెచ్చాను" అంది.