గువ్వలచెరువు ఘాట్‌లో బొటనవేలి పని

కర్నూలులో తెల్లవారుజామున ఐదున్నరకే బండి తీయడం మేలు. రాజ్‌విహార్ సెంటర్ ఖాళీగా ఉంటుంది, నంద్యాల చెక్‌పోస్టు దగ్గర ఆటోలు ఇంకా బారులు తీరి ఉండవు. క్లచ్ లీవరు లేని బండిని మొదటిసారి ఊళ్లో నడపాలంటే ఆ ఖాళీ అవసరం. ఎదురుగా ఏదైనా అడ్డమొచ్చిందంటే ఎడమ చెయ్యి అలవాటు కొద్దీ లేని లీవరును పట్టుకోబోతుంది, ఎడమ కాలు లేని గేర్ రాడ్‌ను తొక్కబోతుంది. చెయ్యి గాల్లోకి పోయినా నష్టం లేదు. ఆ తత్తరలో కుడి చెయ్యి రేజ్ ఇవ్వకుండా ఉంటే చాలు.

బండి హోండా ఆఫ్రికా ట్విన్, డీసీటీ (డ్యూయల్ క్లచ్ ట్రాన్స్‌మిషన్) రకం, అంటే క్లచ్, గేర్ల పని బండే చూసుకుంటుంది. 1084 సీసీ, ఆరు గేర్లు. క్లచ్‌లు రెండు: 1, 3, 5 గేర్లకు ఒకటి, 2, 4, 6 గేర్లకు ఇంకొకటి. ఒక క్లచ్ వదిలే క్షణంలోనే రెండోది పట్టుకుంటుంది కాబట్టి గేరు మారేటప్పుడు లాగుడు తెగదు. హోండా ఈ ఏర్పాటును మోటార్‌సైకిల్‌కు తొలిసారి పెట్టింది 2010 నాటి వీఎఫ్ఆర్1200ఎఫ్‌లో. మన దగ్గర 2009లో వచ్చిన టీవీఎస్ జైవ్‌కు కూడా క్లచ్ లీవరు లేదు గానీ, దాని గేర్లు కాలితోనే వేయాలి. నాలుగో గేరులో ఆపితే నాలుగులోనే నిలబడేది. ఇక్కడ అలా కాదు, ఆగేసరికి బండి తనంతట తానే ఒకటిలోకి దిగి ఉంటుంది. అలవాటు పడాల్సిందంతా ఆ దిగడానికే.

స్టార్ట్ చేసినప్పుడు బండి న్యూట్రల్‌లో ఉంటుంది. సైడ్ స్టాండ్ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, కుడి చేతి దగ్గరున్న స్విచ్‌తో డీ (డ్రైవ్, మామూలు ఆటోమేటిక్) వేస్తే లోపల టక్కుమని శబ్దం వస్తుంది. చల్లటి ఇంజిన్‌లో అది కాస్త గట్టిగానే వినిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. ఆ టక్కు తర్వాత యాక్సిలరేటర్ ముట్టుకుంటే బండి కదులుతుంది. పెట్రోల్ బంకులోనూ టీ కొట్టు ముందూ చుట్టూ చేరిన పిల్లలు చెయ్యి పెట్టి తిప్పేది దాన్నే. నిలబడ్డ ప్రతిసారీ న్యూట్రల్ నొక్కాలి, లేదా ఇంజిన్ ఆపేయాలి.

ఓర్వకల్లు దాకా డీలోనే వెళ్లాం. నెమ్మదిగా రేజ్ ఇస్తూ పోతే ఇది గంటకు 60 కిలోమీటర్లకు అటూఇటూగానే పై గేర్లలోకి ఎక్కేస్తుంది. 40వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసల చదును రోడ్డు, అక్కడ ఇదే హాయి. ఇబ్బంది నాపరాళ్ల లారీని దాటాలనుకున్నప్పుడు మొదలవుతుంది. బండి ఐదులోనో ఆరులోనో నిద్రపోతూ ఉంటుంది. యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే రెండు గేర్లు దిగి ఒక్కసారిగా ఎగబడుతుంది. ఆ దిగడానికి పట్టే అరక్షణంలో ముందు ఏమీ జరగనట్టుంటుంది, కొత్తవాళ్లు ఇంకా తిప్పుతారు, తీరా దిగాక కావలసినదానికి రెట్టింపు లాగుతుంది. దీనికి మందు ఎడమ బొటనవేలి కింద ఉంది. అక్కడి మైనస్ మీటను లారీ వెనకాల ఉండగానే రెండుసార్లు నొక్కి, ఇంజిన్ శబ్దం పెరిగాక అప్పుడు తిప్పాలి. దాటేశాక ఏమీ చేయక్కర్లేదు, వేగం నిలకడ పడగానే మళ్లీ ఆటోమేటిక్‌లోకి తనే వెళ్లిపోతుంది. చూపుడువేలి వైపున్న ప్లస్ మీట వాడాల్సిన అవసరం మైదుకూరు దాకా ఒక్కసారీ రాలేదు. ఇంజిన్ తట్టుకోలేని వేగంలో మైనస్ నొక్కినా గేరు దిగదు కాబట్టి ఆ భయం కూడా వద్దు.

పాణ్యంలో ఉగ్గాని, బజ్జి. అక్కడ ఎండలో నిలబడి మాట్లాడుకున్నదంతా ఆగే ముందు వచ్చే ఆ చివరి నాలుగు గజాల గురించే.

మామూలు బండిని ఆపేటప్పుడు క్లచ్ ఎప్పుడు వదలాలో మన చేతిలో ఉంటుంది. ఇక్కడ వేగం నడక స్థాయికి వచ్చేసరికి క్లచ్ తనే వదిలేస్తుంది. అంతదాకా వెనక్కి పట్టి ఉంచిన ఇంజిన్ ఒక్కసారిగా జారిపోయినట్టవుతుంది, బండి ముందుకు తోసుకొచ్చినట్టు అనిపిస్తుంది. నిజానికి తోయదు, పట్టు వదులుతుందంతే. టీవీఎస్ ఎక్సెల్ నడిపినవాళ్లకు ఇది కొత్త కాదు, కాకపోతే ఇక్కడ వెనకాల రెండు క్వింటాళ్ల పైచిలుకు బరువుంది. ముందు బ్రేకు ఒక్కటే పట్టి ఆపితే ఆ క్షణంలో హ్యాండిల్ ఊగుతుంది. చివరి పది మీటర్లు వెనక బ్రేకు మీద నడిపితే ఊగదు.

యూ టర్న్‌లో ఇదే సంగతి ఇంకా ముదురుతుంది. హాఫ్ క్లచ్ లేదు. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలామంటే క్లచ్ విడిపోతుంది, మళ్లీ ఇస్తే కుదుపుతో పట్టుకుంటుంది. సరిగ్గా బండి వాలి ఉన్నప్పుడే రెండు నుంచి ఒకటికి దిగితే కాలు కింద పెట్టాల్సి వస్తుంది, ఈ బరువుకు ఆ కాలు ఆనదు. అందుకే మలుపులోకి వెళ్లకముందే మైనస్ నొక్కి ఒకటిలోకి దించాలి. యాక్సిలరేటర్‌ను కొద్దిగా, కదలకుండా పట్టుకోవాలి. వేగాన్ని వెనక బ్రేకుతో మాత్రమే సరిచేయాలి. హాఫ్ క్లచ్ చేసే పనిని ఇక్కడ కుడి కాలు చేస్తుంది. నంద్యాల దాటాక ఖాళీగా ఉన్న సర్వీసు రోడ్డులో ఎనిమిది అంకె ఆకారంలో ఇరవై సార్లు తిరిగితే ఒంటికి పడుతుంది. టోల్ గేట్ల దగ్గర ద్విచక్ర వాహనాలకు వదిలే ఎడమవైపు సందు కూడా దీనికి మంచి పరీక్షే.

ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు. పక్కనే కేసీ కెనాల్ కింద పచ్చటి పొలాలు, రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు. ఈ మధ్యలో చెప్పుకోవాల్సింది ఎస్ (స్పోర్ట్) మోడ్ ఒక్కటే. డీలో వేగం తగ్గుతుంటే బండి చాలాసేపు పై గేరునే పట్టుకుని ఉంటుంది, ఆలస్యంగా దిగుతుంది. ఎస్‌లో 1, 2, 3 అని మెట్లున్నాయి. మెట్టు పెరిగేకొద్దీ ఇంజిన్‌ను ఎక్కువ తిరగనిచ్చాక గానీ పై గేరు వేయదు, వేగం తగ్గేటప్పుడు ముందుగానే దించి ఇంజిన్ పట్టు ఇస్తుంది. ఊళ్ల మధ్య గొర్రెల మందలు, స్పీడ్ బ్రేకర్లు ఉన్నచోట ఎస్ 1 సరిపోతుంది. ఎస్ 3 మాత్రం జనంలో వాడేది కాదు, ఊరికే అరుస్తుంది. ఇంకో తికమక కూడా ఉంది. మెనూలో ఇంజిన్ బ్రేకింగ్‌కు మూడు మెట్లు విడిగా ఉంటాయి. అది ఉన్న గేరులో ఎంత పట్టు ఉండాలన్నది చెబుతుంది, ఏ గేరులో ఉండాలన్నది చెప్పదు.

కడప దాటాక రాయచోటి దారిలో ఘాట్ మొదలవుతుంది. ఎక్కేటప్పుడు డీ పనికిరాదు. ముందు లారీ నత్తలా పోతుంటే యాక్సిలరేటర్ వదులుతాం, బండి నాలుగు వేస్తుంది. సందు దొరికి ఇస్తాం, మూడుకు దిగుతుంది. మళ్లీ వదులుతాం, మళ్లీ నాలుగు. ఈ దాగుడుమూతలకు ఎస్ 2 విరుగుడు.

దిగేటప్పుడే అసలు పాఠం. ఈ బండికి వాలు తెలుసు, ఎక్కుడా దిగుడా అన్నది కనిపెట్టి గేర్లు మార్చే తీరును సవరించుకుంటుంది. మలుపులో ఎంత వాలిందో కొలిచే సెన్సరూ ఉంది, అందుకే వాలి ఉన్నప్పుడు గేరు మార్చడంలో కాస్త సంయమనం చూపిస్తుంది. కానీ వంపు అవతల అడ్డంగా వస్తున్న కంటైనర్‌ను అది చూడలేదు. అది లెక్కలోకి తీసుకునేదంతా జరిగిపోయింది: ఇప్పటి వేగం, ఇప్పటి యాక్సిలరేటర్, ఇప్పటి వాలు. మనం బ్రేకు పట్టాకే దానికి విషయం తెలుస్తుంది. ముందుచూపు మన బొటనవేలిది.

అందుకని ఘాట్ పైనే ఏ/ఎం స్విచ్ నొక్కి మాన్యువల్‌కు మార్చి, రెండో గేరులో పెట్టి దిగాలి. లారీవాళ్లు గేర్ మీద దించినట్టే. మాన్యువల్‌లో పైకి మనం వేస్తేనే ఎక్కుతుంది, దిగుడులో తనకు తాను మూడు వేసేసి పట్టు వదలడం ఉండదు. కిందికి మాత్రం, వేగం మరీ పడిపోతే, ఇంజిన్ ఆగిపోకుండా తనే దిగుతుంది. చికాకు పెట్టేది ఆ ఒక్క దిగుడే. బాగా ముడుచుకున్న మలుపులో నడక వేగానికి వస్తే సరిగ్గా వంపు మధ్యలో ఒకటిలోకి వెళ్లి ఒక కుదుపు ఇస్తుంది. రెండు దారులున్నాయి: మలుపుకు ముందే మనమే ఒకటి వేసేయడం, లేదా అంత నెమ్మదించకుండా బ్రేకంతా నిటారుగా ఉన్నప్పుడే పూర్తిచేసి, వంపులో సన్నగా రేజ్ ఇస్తూ పోవడం. మొదటిది లారీల వెనకాల, రెండోది రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు. చేతికి అందింది కదా అని రెండు బ్రేకులూ ఆపకుండా నొక్కి పట్టుకుని దిగితే కింది మలుపులకొచ్చేసరికి డిస్కులు కాలిపోతుంటాయి, లీవరు మెత్తబడుతుంది.

దిగే ముందు గువ్వలచెరువులో పాలకోవా కొనుక్కోకుండా ఎవరూ రారు, మేమూ కొన్నాం. అక్కడ రోడ్డు పక్కన నేల వాలుగా ఉంటుంది. మామూలు బండైతే ఒకటో గేరులో వేసి ఆపేస్తాం. ఇది ఇంజిన్ ఆపగానే న్యూట్రల్‌కు పోతుంది, వెనక చక్రాన్ని పట్టుకునేది ఏమీ ఉండదు. ఎడమ హ్యాండిల్ దగ్గరున్న పార్కింగ్ బ్రేకు లీవరు లాగి, ఆ తర్వాతే స్టాండ్ మీద వాల్చాలి. తిరిగి బయల్దేరేటప్పుడు దాన్ని వదలడం మరిచిపోవద్దు.

బ్యాటరీ పడిపోతే దీన్ని తోసి స్టార్ట్ చేయడం కుదరదు, క్లచ్ పట్టాలంటే ముందు కరెంటు, ఆయిల్ ప్రెషరు ఉండాలి. జంప్ స్టార్టర్ ఒకటి బ్యాగులో ఉండాలి. సర్వీసులో ఇంజిన్ ఆయిల్ ఫిల్టరుతో పాటు క్లచ్‌కు వేరే ఫిల్టరు కూడా ఉంటుంది. దాన్ని మార్చారా లేదా అని అడిగి, పాత ఫిల్టరు కళ్లతో చూడటం మంచిది.

కర్నూలుకు తిరిగొచ్చాక మామూలు గేర్ల బండి ఎక్కితే మొదటి సిగ్నల్ దగ్గర క్లచ్ పట్టకుండానే ఆపేస్తాం, ఇంజిన్ ఒక్క కుదుపుతో ఆరిపోతుంది. రెండో సిగ్నల్ దగ్గర క్లచ్ గుర్తుంటుంది గానీ గేర్లు దించడం గుర్తుండదు, మూడులో నిలబడి కదలని బండికి రేజ్ ఇస్తుంటాం. వెనకాల ఆటోవాళ్లు హారన్ కొడతారు.